పురుగుల పేర్లు తెలిసిన ఇంటామె

పోయిన నెల కుప్పంలో మా పక్క వాటా అమ్మాయి స్టీలు డబ్బా ఒకటి పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. పెళ్లయి కాపురానికి వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు.

"అక్కా, పెసలల్లో పూచి ఉండాది. అంతా పారేసేదా?" అంది, ఏడుపు మొహంతో.

డబ్బా వెలుతురుకు పట్టి చూశాను. గింజల మీద సూదిమొనతో పెట్టినట్టు తెల్లటి చుక్కలు. కొన్నిటికి గుండ్రటి బెజ్జాలు.

"ఇది పుచ్చుపురుగు. ఈ తెల్ల చుక్కలు గుడ్లు. బెజ్జాలున్నవి ఏరెయ్యి. మిగిలినవి ఎండలో పోసి, చెరిగి, దోరగా వేయించి పెట్టుకో. శనగలు, అలసందలు ఉంటే ఆ డబ్బాలు కూడా చూడు. రవ్వ జోలికి, పిండి జోలికి ఇది పోదులే" అన్నాను.

"మీ అమ్మ నేర్పించిందా అక్కా?"

"కాదు. మదనపల్లెలో మేము బాడుగకున్న ఇంటామె."

అంతకు మించి చెప్పలేకపోయాను. ఆ ఇంటామె పుంగనూరులో తన తమ్ముడి ఇంట్లో చనిపోయిందని అంతకు వారం ముందే ఫోన్ వచ్చింది. కుప్పం నుంచి పోయి రావడం ఒక్క రోజు పని. నేను పోలేదు. పోవాలనిపించలేదు. ఆమె నేర్పింది మాత్రం నా వంటగదిలో రోజూ పనికొస్తూనే ఉంది.

మదనపల్లెలో ఆమెకు ఒకే ఆవరణలో మూడు వాటాలు ఉండేవి. ముందు వాటాలో ఆమె ఒక్కతే. భర్త పోయాడు, పిల్లలు లేరు. పక్క వాటాలో మేము. నేను ప్రైవేటు స్కూల్లో టీచరుని, మా ఆయన బస్సు కండక్టరు. వెనక వాటాకూ ఆమె ఇంటికీ మధ్య ఒక గది, దానికి ఎప్పుడూ తాళం. భర్త బతికున్న రోజుల్లో వాళ్లకు చిల్లర అంగడి ఉండేదట. ఇరవై ఏళ్లు ఆ అంగడి వెనక గోడౌనులో బియ్యం, పప్పులు, బెల్లం దిమ్మెల మధ్యే బతికానని ఆమే చెప్పేది. అంగడి ఎందుకు మూసేశారో మాత్రం చెప్పేది కాదు.

వాయల్పాడు నుంచి సామాను వేసుకుని మేము దిగిన రోజు ఆమె గేటుకు అడ్డంగా నిలబడింది. పొట్టి మనిషి. ముక్కు మీద అద్దాలు, అవి జారిపోకుండా మెడ చుట్టూ నల్లదారం.

"అట్టపెట్టెలు లోపలికి రానీను. ఈడే కుమ్మరించండి" అంది.

మా గిన్నెలన్నీ వాకిట్లోనే బయటపడ్డాయి. పెట్టెల మడతలు విప్పి వేళ్లతో తట్టి చూసింది. తర్వాత మా బియ్యం బస్తాలోంచి గుప్పెడు తీసి తెల్ల పింగాణీ పళ్లెంలో పోసి, ఎండలో పెట్టి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని కూర్చుంది. నాకు కోపం వచ్చింది. వీధిలో అంతమంది చూస్తుండగా నా బియ్యాన్ని పరీక్ష చేయడమేమిటి?

"ఉండు, వస్తాది" అంది. ఎండ వేడికి బియ్యం కదిలి, ఒక గోధుమరంగు పురుగు పైకి పాకింది. "ముక్కుపురుగు. సూడు, మూతి ఎట్లా ముందుకు పొడుసుకోనుండాదో. ఇది గింజలోనే పుడతాది, గింజలోనే పెరుగుతాది. నీ తప్పు కాదులేమ్మా, మిల్లోడి తప్పు."

నీ తప్పు కాదు అనేసరికి నా కోపం పోయింది. ఆమె దగ్గర నేను పాఠం మొదలుపెట్టింది ఆ రోజే.

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి చీపురుపుల్ల, టార్చిలైటు పట్టుకుని వచ్చేది. వస్తున్నానని చెప్పేది కాదు, రావచ్చా అని అడిగేది కాదు. అల్మారా సందుల్లో పుల్ల పెట్టి గీకేది. గ్యాసు పొయ్యి ఎత్తించేది. మూతలు తీసి వాసన చూసేది. పిండి డబ్బా మూత తీయగానే, కళ్లు మూసుకుని, "ఘాటుగా ఉండాది, పెంకుపురుగు దూరింది, జల్లెడ తే" అనేది. జల్లిస్తే ఉండేది. రవ్వ ఉండలు కట్టి దారాలు సాగితే రెక్కల పురుగు గుడ్లు పెట్టిందని చెప్పేది. కందిపప్పుకు ఆముదం ఎంత పట్టించాలో తన అరచేతిలో పోసి చూపించేది. వేపాకు నీడలోనే ఆరాలి, ఎండలో ఆరితే గడ్డితో సమానం. మిరప్పొడిలో రాతి ఉప్పు. చక్కెరలో లవంగాలు. బొద్దింకలకు బోరిక్ పౌడరు, చక్కెర, గోధుమపిండి, కాస్త ఉల్లిపాయ ముద్ద కలిపి గోళీలంత ఉండలు చేసి, పదిహేను రోజులకోసారి మార్చాలి. "ఎండిపోయినవాటిని అవి ముట్టవు. మనకన్నా రుచి బాగా తెలుసు వాటికి" అనేది.

చీమల్ని చంపేది కాదు. బారు కనబడితే వంగి, "యాడికే పోతాండారు ఇంతమంది?" అని అడిగి, పసుపుతో గీత గీసి దారి మళ్లించేది. బొద్దింక కనబడితే మాత్రం మొహం మారిపోయేది. చీపురు, చెప్పు ఏదీ వెతికేది కాదు. ఒట్టి అరచేత్తో ఠప్పున కొట్టేది. తర్వాత చింతపండు వేసి చెయ్యి తోముకుంటూ, ఎప్పుడూ అదే మాట అనేది.

"పురుగు మనింట్లో పుట్టదమ్మా. ఎవురో తెస్తేనే వస్తాది."

పొద్దున్నే వీధిలో ఆడవాళ్లు కొంగుల్లో పప్పులు, పొట్లాల్లో పిండీ కట్టుకుని ఆమె అరుగు దగ్గరికి వచ్చేవాళ్లు. డాక్టరు దగ్గరికి వచ్చినట్టే. ఆమె పళ్లెంలో పోసి, చూసి, పేరు చెప్పి, మందు చెప్పేది. వాళ్లు "నువ్వు లేకపోతే ఏమైపోదుము" అంటుంటే వినబడనట్టు అద్దాలు తుడుచుకునేది. ఆ మాట ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

నాకు టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచం మీద ఉన్నప్పుడు మా బియ్యం, రాగులు, పప్పులు అన్నీ ఆమే ఎండబోసి, చెరిగి, డబ్బాలకెత్తింది. రోజూ మెత్తగా జావ కాచి తెచ్చేది. నుదుటి మీద చెయ్యి వేసి, "జొరం దిగతాండాది లే" అని వెళ్లిపోయేది. మా అమ్మ కూడా అన్ని రోజులు నా దగ్గర ఉండలేదు. ఇది రాయకపోతే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను.

మేము చేరిన మూడో ఏడు వెనక వాటాలోకి షాహీన్ వాళ్లు వచ్చారు. భర్త టమోటాల టెంపో నడిపేవాడు. షాహీన్‌కు అప్పటికి ఇరవై అయిదేళ్లుంటాయి. ఉల్లిపాయ సమోసాలు చేసి బెంగుళూరు రోడ్డులో రెండు టీ కొట్లకు వేసేది. తెల్లారేసరికి ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు, ఏడు గంటలకు నూనె వాసన. మైదా మూటగా తెచ్చుకునేది.

ఇంటామె మొదట్లో ఆమెను బాగానే చూసింది. మైదా మూటలో ఉంచొద్దని, రేకు డబ్బాలో పోసి బిర్యానీ ఆకు వెయ్యమని చెప్పింది. షాహీన్ అట్లాగే చేసింది. ఆదివారం తనిఖీకి ఆమె వస్తే ముందే గిన్నెలు దించి పెట్టేది. "అమ్మా, ఇయ్యాల ఏం పురుగూ లేదు సూడు" అని నవ్వేది. నిజంగానే ఆ వంటగది మా వంటగది కన్నా శుభ్రంగా ఉండేది.

ఆ వానాకాలం చిన్న బొద్దింకలు మొదలయ్యాయి. మొదట వెనక వాటాలో, తర్వాత ఇంటామె వంటింట్లో. అరుగు దగ్గర పప్పు చూపించుకోవడానికి వచ్చిన ఒకామె, గోడ మీద పాకుతున్నదాన్ని చూసి, "అయ్యో, నీ ఇంట్లోనా!" అంది. అంతే అంది. మర్నాటి నుంచి ఇంటామె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆదివారం వాకిట్లోకి నన్ను పిలిచింది. షాహీన్ అప్పటికే అక్కడ నిలబడి ఉంది, చేతులకు మైదా. వీధి ఆడవాళ్లు నలుగురైదుగురు గేటు దగ్గర. తెల్ల పళ్లెంలో గాజు గ్లాసు బోర్లించి ఉంది, గ్లాసు కింద పురుగు గుండ్రంగా తిరుగుతోంది.

"టీచరమ్మా, ఇదేందో నువ్వు సెప్పు" అంది.

నేను వంగి చూశాను. మూడేళ్లు నేర్చుకున్న చదువు. నలుగురిలో అడిగింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

"చిన్న బొద్దింక పెద్దమ్మా. మెడ మీద రెండు నల్ల చారలున్నాయి. తోక దగ్గర గుడ్ల సంచి కూడా ఉంది. ఇట్లాంటిది ఒకటి కనబడిందంటే లోపల గుంపు ఉన్నట్టే."

"విన్నావా అమ్మీ? సదువుకున్నామె సెప్తాండాది" అంది షాహీన్‌తో. "యాడ దొరికింది ఇది? నీ గడప కాడ. నువ్వొచ్చినాకే వచ్చినాయి. ఆ మైదా మూటల్లో తెచ్చినావు."

"నేను తేలేదమ్మా, అల్లా కసం" అంది షాహీన్. "గోడ సందులోంచి వస్తాండాయి. మీకు రెండుసార్లు చెప్పినా. గోడవతల మీ గదే కదా."

"నా గదిలో ఏముండాది? తాళమేసి పదేండ్లయింది."

"ఒకసారి తీసి సూడండమ్మా."

"నా గది తీసి సూపించాల్నా నీకు?" ఇంటామె గొంతు లేచింది. "కూడు అమ్ముకునేదానివి, ఇల్లు పెట్టుకునే తీరు ఇదేనా? పదిమంది తినేది దీని సేతి కూడు, సూడండమ్మా!"

షాహీన్ నా వైపు చూసింది. గోడ సంగతి నాకు వినబడింది. అట్టపెట్టెలో, గోడ సందులో, మూసిన గదిలోనే ఈ పురుగు పెరుగుతుందని నాకు నేర్పింది ఇంటామే. ఆ మాట ఆ నిమిషంలో అని ఉండవచ్చు, అనలేదు. పురుగు పేరు చెప్పమన్నారు, చెప్పాను, నా పని అయిపోయిందన్నట్టు లోపలికి వచ్చేశాను.

మర్నాడు ఇంటామె గొడుగు వేసుకుని బెంగుళూరు రోడ్డు దాకా నడిచిపోయింది. రెండు టీ కొట్లలోనూ చెప్పింది. బుధవారానికి సమోసాలు వద్దన్నారు. ఆ రోజు చేసినవన్నీ షాహీన్ తిరిగి మోసుకొచ్చింది. ఒక పెద్ద పళ్లెం నిండా తెచ్చి నా ముందు పెట్టింది.

"పారేసేకి మనసు రాలేదు మేడం. మీరన్నా తింటారా?"

తీసుకున్నాను. తింటాననే చెప్పాను. ఆమె వెళ్లాక మా ఆయన ఒకటి విరిచి, లోపల చూసి, పక్కన పెట్టేశాడు. నేనూ తినలేదు. సాయంత్రం సంచిలో వేసుకుని పోయి వీధి చివర ఆవులకు పెట్టాను. పెడుతుంటే ఎవరైనా చూస్తారేమోనని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నెల తిరక్కుండానే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి పుంగనూరు వెళ్లిపోయారు, భర్త అన్న ఉన్న చోటికి. టెంపోలో సామాను ఎక్కిస్తుంటే ఇంటామె బయటికి రాలేదు. షాహీన్ మాత్రం వెనక వాటా వంటగది కడిగి, నేల తుడిచి, తాళంచెవి గడప మీద పెట్టి వెళ్లింది.

పదిరోజుల తర్వాత చిన్న బొద్దింకలు మా వంటగదిలోకి వచ్చాయి.

ఇంటామె నేర్పినట్టే వెతికాను. ఇవి తిరిగే దారిలో కాఫీపొడి చల్లినట్టు నల్లటి నలుసులు ఉంటాయి. పొయ్యి వెనక నుంచి తూము, తూము నుంచి వాకిలి అంచు, అక్కడి నుంచి గోడ వెంట పోతే ఆ తాళం గది. ఆ రోజు తాళం లేదు. తలుపు ఓరగా ఉంది. తోశాను.

గది నిండా అట్టపెట్టెలు. సబ్బులవి, బిస్కెట్లవి, అగ్గిపెట్టెలవి. మూల అంగడి నాటి పాత ఫ్రిజ్. మూసేసిన అంగడిని ఉన్నది ఉన్నట్టే తెచ్చి అక్కడ పెట్టి ఉంది. ఇంటామె నేల మీద కూర్చుని గోడ వారగా బోరిక్ ఉండలు పెడుతోంది. నన్ను చూసి చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

ఆ ఉండల వైపు చూశాను. ఆ రోజు పెట్టినవి తెల్లగా ఉన్నాయి. వాటి పక్కనే పసుపు తిరిగినవి, ఇంకా వెనక రాళ్లలాగా ఎండి బీటలిచ్చినవి. పదిహేను రోజులకోసారి మార్చాలని నాకు చెప్పిన మనిషి. వరసలు ఎంచితే నెలలు తెలిసిపోతున్నాయి. షాహీన్ ఉన్నప్పటి నుంచే పెడుతోంది.

"నీకు తెలుసు పెద్దమ్మా" అన్నాను.

"తలుపెయ్యి" అంది.

"తెలిసి ఆ అమ్మాయిని పంపించేసినావు."

"మెల్లగా మాట్లాడు. నీకు తెల్దు." అద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "మా అంగడి ఎట్ల పోయిందో నీకు తెల్దు. ఒకామె రవ్వలో పురుగుండాదని రోడ్డు మీద నిలబడి అరిసింది. ఒక్క పొట్లం. పురుగులంగడి అని పేరు పెట్టినారు. ఆరు నెల్లు ఒక్కరూ గడప తొక్కలేదు. మా ఆయన ఆ దిగులుతోనే పోయినాడు. ఆయన సేతుల్తో కట్టిన పెట్టెలివి. తీసి పారేయలేకపోయినా."

"ఆ పేరు వస్తే ఏమైతుందో అంత బాగా తెలిసిన దానివి. మరి ఆమెకెందుకు పెట్టినావు?"

అద్దాలు పెట్టుకుని, "ఆమె సిన్నది. యాడన్నా బతుకుతాది. ఈ వయసులో నేను యాడికి పోయేది?" అంది.

"టీ కొట్లకు పోయి చెప్పు పెద్దమ్మా, పొరపాటైందని. అంత దూరం నడిచి చెప్పినావు కదా, ఇది కూడా చెప్పు."

"పోను" అంది. "నువ్వూ సెప్పొద్దు. నీ జొరంలో నీకు ఎంత సేసినానో గుర్తుంటే సెప్పొద్దు."

గడపలో కాసేపు నిలబడ్డాను. జావ తెచ్చిన చేతులు, ఉండలు పెడుతున్న చేతులు ఒకటే. తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

అయినా మర్నాడు స్కూలు విడిచాక టీ కొట్టు దగ్గరికి పోయాను. సంగతంతా చెప్పాను. ఆ మనిషి గ్లాసులు కడుగుతూ విని, "ఇంగెందుకు మేడం ఆ మాట? సమోసాలు వేరే ఆమె ఏస్తాండాది. బాగానే పోతాండాయి" అన్నాడు. రెండో కొట్టతను సగం విని ఫోన్ ఎత్తుకున్నాడు.

ఆ ఆదివారం ఇంటామె మనిషిని పెట్టి పెట్టెలన్నీ వాకిట్లో వేయించి కాల్పించింది. మంటకు దూరంగా నిలబడి చూసింది, ఏడవలేదు. పాత ఫ్రిజ్ ఇనప సామాన్లు కొనే గుజిరీకి పోయింది. గోడ సందులు సిమెంటుతో మూయించింది. నెలలోపల ఒక్క బొద్దింక లేదు. అరుగు మీదికి మళ్లీ ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒక పొద్దున నేను స్కూలుకు పోతుంటే ఆమె వాళ్లతో అంటున్న మాట విన్నాను.

"ఆ సమోసాలోళ్లు పోయినాక సూడండి, ఇల్లు ఎట్లా శుభ్రమైందో."

నన్ను చూసింది. చూసి కూడా మాట ఆపలేదు. ఆ నెలాఖరుకు మేము ఇల్లు మారాం. వెళ్లే రోజు ఒక పొట్లం ఇచ్చింది. నీడన ఆరబెట్టిన వేపాకు. వద్దనలేకపోయాను.

తర్వాత కొన్నేళ్లకు మా ఆయనకు బదిలీ అయి కుప్పం వచ్చేశాం. రెండేళ్ల కిందట సదుంలో ఒక పెళ్లికి పోతూ పుంగనూరులో బస్సు మారాల్సి వచ్చింది. బస్టాండు ఎదురుగా మెట్ల మీద చిన్న గది, జాకెట్లు కుట్టబడును అని బోర్డు. మిషను ముందు షాహీన్. మెట్లెక్కాను. జుట్టు పక్కన నెరిసింది. నన్ను చూసి లేచి, స్టూలు జరిపింది.

కాసేపు పిల్లల సంగతులు మాట్లాడుకున్నాం. తర్వాత గది సంగతి, పెట్టెల సంగతి, టీ కొట్లకు పోయిన సంగతి అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసు మేడం. ఆమె వచ్చింది."

"ఎవరు?"

"ఇంటామె. ఇప్పుడు ఈడనే కదా, తమ్ముడింట్లో ఉండేది. పోయినేడు అడ్రసు కనుక్కోని మా ఇంటికొచ్చింది. కట్టె పట్టుకోని నడస్తాండాది. నేను తలుపు తీసినా. క్షమించమంటుందేమో అనుకున్నా. దేవుని సాక్షిగా చెప్తాండా మేడం, ఆ ఒక్క మాట వినాలనే తీసినా."

"ఏమంది?"

"ఏం అన్లేదు. నేరుగా వంటింట్లోకి పోయింది. డబ్బాల మూతలు తీసి సూసింది. పొయ్యి కింద సూసింది. నేను టీ పెట్టినా. అది సల్లారిపోయింది. పోయేటప్పుడు గడపలో నిలబడి, 'బాగా పెట్టుకున్నావమ్మీ, ఏం పురుగూ లేదు' అనింది. అంతే మేడం. పోయింది."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా? తలుపేసుకున్నా."

మళ్లీ సమోసాలు చేయలేదా అని అడిగాను. లేదంది. ఇక్కడ ఒక టీ కొట్టతను అడిగాడట. మైదా తెచ్చుకుని, పిండి కలిపే పొద్దుకు చేతులు రాలేదట.

"షాహీన్, ఆ రోజు వాకిట్లో నేను..."

"మీరు పురుగు పేరు కరెక్టుగానే చెప్పినారు మేడం" అంది. గొంతులో కోపం లేదు. జాకెట్టు చేతిని తిరగేసి కుట్టు సరిచూస్తోంది. "నేను తెచ్చినానని మీరన్లేదు. తేలేదని కూడా అన్లేదు."

"తప్పు చేశాను" అన్నాను.

ఆమె దారం కొరికి, గోడ మీద గడియారం చూసింది.

"సదుం బస్సుకు టైమైంది మేడం. మళ్లా గంట దాకా లేదు."

లేచాను. నేను చెప్పులు వేసుకునేలోపే మిషను చప్పుడు మొదలైంది. మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్సెక్కి కూర్చున్నాను. కిటికీలోంచి ఆమె కనబడుతూనే ఉంది. తల ఎత్తలేదు.